ఎర్రటి ఎనిమిది

రండ్రి, గా స్టూలు ఇటు జరుపుకొని నా పక్కకు కూసోన్రి. ఫ్యాను గాలి ఇటు దిక్కే వస్తది. ఫోన్లు బోర్లేసి వినున్రి. మా ఇంట్ల ఒక పిల్ల దేశంలనే ఎనిమిదో నంబరు ఎట్లయిందో, మళ్ల గాడికెల్లి ఎట్ల దిగిందో చెప్త.

నేను చదివింది మెదక్ దిక్కు మిషన్ బడిల నాలుగో తరగతి దాంక. పెండ్లయి వచ్చినకాడికెల్లి నాంపల్లి టేషన్ ఎనుక గల్లీలనే ఉన్న. కూత ఇని ఏ బండి వచ్చిందో చెప్త గానీ, కాయితం చేతికిస్తే కోడలి ముఖం చూస్త. నా కొడుకు అబిడ్స్‌ల చెప్పుల దుకాణంల పని చేస్తడు. కోడలు గదే రోడ్డు మీద కంటద్దాల దుకాణంల. వచ్చినోళ్లను కుర్చీల కూసోబెట్టి, గోడ మీది సన్న సన్న అక్షరాలు చదివించుడు ఆమె కొలువు. ఈ ముచ్చట జర యాదిల పెట్టుకోన్రి, ముంగట అక్కరకొస్తది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, మూడో తరగతి. కథలంటే దానికి పానం. నేను చెప్పిన కథనే తెల్లారి నాకే చెప్తది, నక్కను తీసేసి మా గల్లీ కుక్కను పెట్టి. లెక్కలంటరా, ఏడు ఎనిమిదులు ఎంత అంటే ఫ్యాను దిక్కు చూస్తది, గది జవాబు చెప్తదేమో అన్నట్టు.

ఆ పిల్ల వారమంతా బతికేది ఆదివారం కోసం. చర్చి అయినంక నేను, అది అబిడ్స్ పోతుంటిమి. ఆదివారం దుకాణాలు బంద్ ఉంటయి, షట్టర్ల ముంగట ఫుట్‌పాత్ పొడుగూత పాత పుస్తకాలు పరుస్తరు. నా కొడుకు పని చేసే దుకాణం మెట్ల కాడ గూడ ఒక ముసలాయన పరుస్తడు. పిల్ల ఆ మెట్ల మీద కూసున్నదంటే ఒక్కటి కొనేటందుకు ఆయన గుట్టంత చదివేస్తది. "బేటీ, ఇంటికాడ చదువుకునేటందుకు గూడ జర మిగుల్చు" అని ఆయన నవ్వుతడు. ఇద్దరికీ గది నడిచింది, నాకు కూసునేటందుకు మెట్టు దొరికింది.

గట్లుండంగ బడిల ఒక కొత్త పరీక్ష పెట్టిన్రు. బడోళ్లది గాదంట, బయటి కంపెనీదంట. దేశంల ఉన్న మూడో తరగతి పిల్లలకు ఒక్కటే పేపరు. రాసుడు లేదు, గుండ్రాలు నింపుడే. కొన్నొద్దులకు దాని రిపోర్టు ఇంటికొచ్చింది. అబ్బో, పెండ్లి కార్డంత మందం, హోలీ ఆడినన్ని రంగులు! నా కొడుకు ముంగటికి తిప్పిండు, ఎనుకకు తిప్పిండు.

"మార్కులేవి?" అన్నడు.

గీతలున్నయి, గుట్టలసోంటి బొమ్మలున్నయి, బాణాలున్నయి. మార్కులు లేవు. బిర్యానీ పొట్లం ఇప్పితే మటన్ ముక్క లేనట్టుండె. ఆఖరుకు కోడలు ఏలు పెట్టి చూపిచ్చింది. లెక్కల ఎదురుంగ ఎర్ర డబ్బల 8. ఇంగ్లీషు చదువుడు ఎదురుంగ ఆకుపచ్చ డబ్బల 91. పైన దేశం మొత్తంల అని రాసున్నది.

"వందకు ఎనిమిదా?" అని కోడలు నోటి మీద చెయ్యేసుకున్నది.

"పర్సెంటేజ్ గాదు, చూడు, పర్సెంటైల్ అని ఉన్నది. పర్సెంట్ గుర్తే లేదు. పర్సెంట్ గాకుంటే ఇంకేంది? ర్యాంకు! దేశంల ఎనిమిదో ర్యాంకు!" అని ఎగిరిండు నా కొడుకు.

"మరి ఎర్రగ ఎందుకున్నది?"

"క్యాలెండర్ల పండుగలు ఏ రంగుల ఉంటయి?" అన్నడు కొడుకు.

ఇగ దానికి ఎవలన్న ఎదురు మాట్లాడ్తరా? ఈ ఊర్ల ఉండి ర్యాంకు తెల్వకపోవుడేంది. ఎండకాలం వస్తే కోఠి నుంచి నాంపల్లి దాంక గోడలన్నీ పిల్లల ముఖాలే. నంబరు ఎంత చిన్నగుంటే ఫోటో అంత పెద్దగుంటది. ఒకటో నంబరు పిల్లగాని ముక్కు మీద మా గల్లీ మొత్తం కూసోవచ్చు.

"మరి ఈ తొంభై ఒకటి?" అన్న నేను.

"గది గూడ చెడ్డది గాదమ్మ, దేశంల గదా. గానీ ఎనిమిది ఏడ, తొంభై ఒకటి ఏడ? ఫుట్‌పాత్ మీద కథలు చదివి చదివి గాడ ఎనుకవడ్డది."

పిల్ల గుమ్మం కాడ నిలబడి ఇంటున్నది. "డాడీ, నాకు ఎక్కాలే రావు గదా" అన్నది.

"ఇన్నవా అమ్మ? ఎంత అణకువ!" అని వాడు కండ్లనీళ్లు పెట్టుకున్నడు. ఇంట్ల నిజం చెప్పింది ఆ ఒక్కతే, దానికేమో అణకువ అని పేరు పెట్టినం.

తెల్లారి కొడుకు దుకాణంల చెప్తే సేఠ్ పిల్లకు బూట్లు ఇచ్చిండు. పైన కిరాయికుండే ఆమె మెట్లు దిగొచ్చి, "ఏం పెడ్తున్నరమ్మ పిల్లకు?" అని చెవుల అడిగింది. కోడలు ఇంకేం చెప్తది, "బెండకాయ" అన్నది. ఆ వారం మా గల్లీల తోపుడు బండి మీద బెండకాయ కండ్ల చూడలె. నేనేం తక్కువ తిన్ననా? చర్చిల, దేవుడు చేసిన మేలు అందరికి చెప్పే సాక్ష్యం యాళ్లకు కొంగు సదురుకొని లేచిన. నా మనుమరాలిని దేవుడు దేశంల ఎనిమిదో మెట్టు మీద నిలబెట్టిండు అన్న. అందరు ఆమెన్ అన్నరు. పాస్టరు అయ్యగారు గూడ గట్టిగనే అన్నరు. పర్సెంటైల్ అంటే ఏందని ఒక్కలు అడిగితే ఒట్టు. దేవుని మందిరంల అనుమానం పాపమాయె.

నాంపల్లి రోడ్డు మీద, రెండో అంతస్తుల ఒక కోచింగ్ ఉన్నది. ఇంకా పాల పండ్లు ఊడుతున్న పిల్లలకు ఇంజనీరింగ్ సీటు కోసం పునాది ఏస్తరంట. సారు రిపోర్టు చూసిండు. చూసిండు అంటే, ఎనిమిది చూసిండు.

"మూడో తరగతా? జర లేట్ చేసిన్రు. పర్వాలేదు, చూస్తం" అన్నడు.

క్లాసు ఎప్పుడు? ఆదివారం. చర్చి నుంచి సీదా కోచింగ్, పొద్దుగూకినంక ఇల్లు. పిల్ల ఇంకా ఆ కోచింగ్ మెట్లు ఎక్కనేలేదు, ఫ్లెక్సీ మా గల్లీ మొగదల ఎక్కి కూసున్నది. దాని ముఖం, పక్కన దాని ముఖమంత ఎర్రటి ఎనిమిది, కింద కోచింగ్ పేరు. చదువు చెప్పకముందే ర్యాంకు తెప్పిచ్చిన మొగోళ్లు!

ఇగ పిల్ల సంగతి. ఇంటికొచ్చి సంచి గోడకేసి, కథ చెప్త, రా అంటే వద్దంటది. "ఎనిమిదో ర్యాంకు పిల్లవు, గిది రాదా?" అని ఆ సారు అందరి ముంగట అంటడంట. అది ఇంట్ల చెప్తే మావోడు, "గట్ల అంటేనే ఏడో ర్యాంకుకు వస్తవు" అన్నడు. ఒక ఆదివారం చెయ్యి పట్టుకొని తోల్కొస్తున్న. ఫ్లెక్సీ కిందికి రాంగనే ఆగింది.

"నానమ్మ, గా ఫోటోల పిల్లకు లెక్కలొస్తయా?"

"గది నువ్వే గదనే!"

"నేను గాదు. ఇగ ఆదివారాలు గామెను పంపున్రి. నేను అబిడ్స్ పోత."

సరేనే అందామనుకున్న. గానీ దేశంల ఎనిమిది గదా, నోరెట్ల లేస్తది?

తర్వాత బడిల తల్లిదండ్రుల మీటింగు పెట్టిన్రు. కొడుకుకు సెలవు దొరకలె, కోడలు, నేను పోయినం. టీచరమ్మ చిన్న వయసామె, మంచిగ మాట్లాడే పిల్ల. పిల్లను బయట బెంచీ మీద కూసోబెట్టి మమ్ముల లోపలికి పిలిచింది.

"పాపకు మ్యాథ్స్‌లో మనం కలిసి కొంచెం పని చేయాలండి" అన్నది.

"చేస్తున్నం మేడం," అన్నది కోడలు, నవ్వు ఆపుకోలేక. "ఏడు, ఆరు దాంక రావాలని చూస్తున్నం."

టీచరమ్మ ఆమె దిక్కు చూసింది. "ఆరా? తగ్గిద్దామనా?"

"మెల్లగ ఒకటి దాంక తెస్తం మేడం. కోచింగ్‌ల గూడ ఏసినం."

టీచరమ్మ పెన్ను టేబుల్ మీద పెట్టింది. నా దిక్కు చూసింది. నేను గూడ ఒకటి దాంకనే అన్నట్టు తల ఊపిన. పాపం, ఆ పిల్ల మంచినీళ్లు తాగి, "అమ్మా, జనవరిలో మీ నాంపల్లిలో ఎగ్జిబిషన్ టికెట్ల లైను చూస్తారు కదా?" అన్నది.

"చూడకేంది బిడ్డా, ఏటేటా మేమే నిలబడ్తం."

"పరీక్ష రాసిన పిల్లల్ని వంద మందిని ఆ లైన్లో నిలబెట్టామనుకోండి. బాగా రాసినవాళ్లు ముందు, తక్కువ రాసినవాళ్లు వెనక. ఈ నంబరు ఏం చెప్తుందంటే, మన పాప వెనక ఎంతమంది ఉన్నారో చెప్తుంది."

"ముంగట గదా?" అన్నది కోడలు.

"వెనకండి."

మీరే చెప్పున్రి, ఈ ఊర్ల లైన్ల నిలబడ్డోడు ఎవడన్న ఎనుకకు మళ్లి లెక్కపెట్టంగ చూసిన్రా? మనం లెక్కపెట్టేది ముంగటోళ్లను. ఇంకెంతమంది ఉన్నరు, నడిమిట్ల ఎవడు జొరవడ్డడు, గదే మన లెక్క. ఎనుకోళ్లతోని మనకేం పని? ఆ కంపెనీవాడేమో ఏ ఊరోడో, మనసు మంచోడో ఏమో, ఎనుకోళ్లను లెక్కపెట్టుకుంట కూసున్నడు.

"అంటే లెక్కల్ల... ఎనిమిది మందే?" అన్నది కోడలు.

"అవునండి. కానీ చదవడంలో చూడండి, తొంభై ఒక్క మంది పాప వెనకే ఉన్నారు. ఇంత బాగా చదివే పిల్లలు నా క్లాసులో తక్కువ. అయినా ఇది ఒక్క పొద్దున రాసిన పరీక్ష, పిల్ల మొత్తం ఇందులో ఉండదు. ఎక్కడ సాయం కావాలో తెలుస్తుంది, అంతే. ఎర్ర రంగు అందుకే పెట్టారు. చివరి పేజీలో అన్నీ రాసి ఉన్నాయి, చూడలేదా?"

చివరి పేజీ తిప్పింది. చీమలు పాకినట్టు అక్షరాలు. ఊరందరితోని సన్న అక్షరాలు చదివించే మా కోడలు ముక్కు కాయితానికి ఆనిచ్చి చదివింది. కొడుకు చదవలె, సేఠ్ చదవలె, కోచింగ్ సారు చదవలె. నాకంటే చదువు రాదు, నా ఇజ్జత్ దక్కింది.

బయటికొచ్చి రోడ్డు మీద నడుస్తుంటే, కోడలు పిల్ల తల నిమిరి మెల్లగ చెప్పింది. "బిడ్డా, లెక్కల్ల నీ ఎనుక ఎనిమిది మందే ఉన్నరంట."

పిల్ల ఎగిరి గంతేసింది. "ఎనిమిది మంది ఉన్నరా మమ్మీ! నేనే లాస్ట్ అనుకున్న!"

కోడలు రోడ్డు మీదనే ఆగి కొంగుతోటి కండ్లు తుడుచుకున్నది. పిల్ల మాత్రం దాని పని అది అడిగింది. "మరి ఆదివారం అబిడ్స్ పోవచ్చా?"

మాపటికి కొడుకు వచ్చినంక చెప్తే, పాపం, బూటు ఒక్కటి ఇప్పి రెండోది ఇప్పేది మరిచిపోయిండు. "కిందికెల్లా?" అన్నడు. మళ్ల ముఖం ఎలిగింది. "పోనీ, తొంభై ఒకటి ఉన్నది గదా! గది పట్టుకుందాం. ఇంగ్లీషు కోచింగ్ ఏడున్నదో..."

"జర ఆగు," అన్నది కోడలు. అత్తింట్ల ఆమె గొంతు గట్ల లేసుడు నేను అదే తొలిసారి ఇన్న. "ఎక్కాలు నేను చెప్త, రోజు పొద్దుగాల, రొట్టెలు చేసుకుంట. ఆదివారం నాది గాదు, నీది గాదు, ఆ సారుది అసలే గాదు. పిల్లది."

వాడు నా దిక్కు చూసిండు. నేను చూపు ఫ్యాను మీద పెట్టిన.

ఫ్లెక్సీ దించమని ఫోన్ చేస్తే ఆ సారు ఏమన్నడో తెలుసా? "మేం ర్యాంకని ఏడ రాసినం సార్? పిల్ల ఫోటో పెట్టినం, ఎనిమిది పెట్టినం. రెండూ నిజమే గదా." సత్య హరిశ్చంద్రుని చిన్న తమ్ముడు!

"జనాలకు ఏం చెప్పాలె?" అని కొడుకుకు గదొక్కటే ఫికర్.

"సాక్ష్యం చెప్పింది నేను. నేనే చెప్త" అన్న.

ఆదివారం చర్చిల మళ్ల లేచిన. "వందనాలు. పోయినసారి నేను చెప్పిన ఎనిమిది ముంగటికెల్లి గాదు, ఎనుకకెల్లి. నా మనుమరాలి ఎనుక ఎనిమిది మంది పిల్లలు ఉన్నరంట. వాళ్ల ఇండ్లల్ల వాళ్లను ఏమంటున్నరో ఏమో. గా ఎనిమిది మందిని ప్రార్థనల పెట్టున్రి" అని కూసున్న. ఎవ్వరు ఆమెన్ అనలె. అయ్యగారు దగ్గి, పాట అందుకున్నరు.

గానీ ప్రార్థన అయినంక చెప్పులిడిచిన కాడ ఒకామె నా కొంగు గుంజింది. ఆమె కొడుకు వేరే బడి. "అక్కా, మావోనిది పన్నెండు వచ్చింది. గది గూడ ఎనుకకెల్లేనా?" ఆమె ఎనుక ఇంకొకామె. "మా చిన్నదానిది అయిదు. మేం కేకు గూడ కోసినం అక్కా." వాళ్ల ఎనుక మరొకాయన, కాయితం మడిచి జేబుల పెట్టుకొని. లైనే కట్టిన్రు. నా జీవితంల మొదటిసారి ఎనుకకు మళ్లి లెక్కపెట్టిన.

గాడికెల్లి సీదా అబిడ్స్. కొడుకు గూడ ఎంబడి వచ్చిండు. వారమంతా నిలబడి చెప్పులు తొడిగే మనిషి, ఆ దుకాణం మెట్ల మీద కూసునుడు అదే మొదలు. పిల్ల అప్పటికే ఒక పుస్తకంల తల దూర్చింది. పుస్తకాల ముసలాయన, "బేటీ, ఇన్నొద్దులు ఏడికి పోయినవ్?" అంటే, తల ఎత్తకుండనే "ఫ్లెక్సీల ఉంటి" అన్నది. మావోడు జరసేపు ఓపిక పట్టి, పట్టలేక, "ఏడు ఎనిమిదులు ఎంత?" అన్నడు.

"ఈ పేజీ అయినంక చెప్త డాడీ."

వాడు కూసున్నడు. ఆ పేజీ అయ్యేదాంక నోరు మూసుకొనే కూసున్నడు.

ఫ్లెక్సీ ఇంకా మా గల్లీ మొగదల ఉన్నది. ఎండకు పిల్ల ముఖం ఎలిసిపోయింది గానీ ఎనిమిది మాత్రం ఎర్రగనే ఉన్నది. కొత్తగొచ్చినోళ్లు దాన్ని చూసి బెండకాయ కొంటున్నరు.

ఇగ లేవున్రి, పొద్దువోయింది. మీ ఇల్లు సల్లగుండ, మీ పొయ్యి మీద కుండ నిండుగుండ. మీ పిల్లల ముంగట ఎందరున్నా, ఎనుక ఎందరున్నా, పక్కన మాత్రం మీరుండాలె. మీ గడపల ఆదివారం ఎప్పటికీ ఆదివారం లెక్కనే ఉండాలె.