అర్హిప్ సావిచ్ చెయ్యి

మాస్కో శివారులోని మా కర్మాగారంలో అర్హిప్ సావిచ్ చేతికి పెద్ద పేరు. ముప్ఫై ఏళ్లుగా ఫిట్టరు. యుద్ధంలో ట్యాంకు మూతలు బిగించిన చెయ్యి అది. ఎంత బలంతో బిగిస్తున్నామో ముల్లుతో చూపించే రెంచి వచ్చినప్పుడు, అది చేతకానివాళ్లకని నవ్వి పెట్టెలో పడేశాడు. కాగితం మీద మాత్రం రెంచితోనే బిగించినట్టు సంతకం పెట్టేవాడు. తోటి ఫిట్టర్లకు ఇది తెలుసు. తెలిసి మురిసిపోయేవాళ్లు. ఆ మురిపెమే కొంప ముంచింది.

పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరం వసంతంలో శుక్రగ్రహం మీద దింపడానికి ఒక లోహపు గోళం తయారు చేస్తున్నాం. అక్కడ సీసం కరిగిపోయే వేడి. గోళం ఒక్క గంట బతికితే చాలు. వేడి గ్యాసు లోపలికి దూరకుండా మూత కింద వేసే రాగి వలయం మా డిజైనరు తయీసియా ల్వోవ్నా గీసింది. ఆరేళ్లు దాని మీదే కూర్చుంది పాపం. మే డే పండగలోపు పరీక్ష పూర్తి కావాలని పైనుంచి ఒకటే తొందర. మూతకున్న పదహారు బోల్టులనూ అర్హిప్ ఎప్పటిలాగే చేతి అంచనాతో బిగించాడు. శుక్రగ్రహం లాంటి వేడి పుట్టించే పరీక్ష కొలిమిలో పెట్టిన నలభయ్యో నిమిషంలో వలయం పక్కనుంచి వేడి గ్యాసు దూరి, లోపలి పరికరాలన్నీ మాడిపోయాయి.

విచారణ సభలో ప్రధాన ఇంజనీరు అర్హిప్ సంతకం పెట్టిన కాగితం చదివాడు. బోల్టులు సరిగానే బిగించారు, సంతకం ఉంది, కనుక తప్పు వలయానిదే అన్నాడు. తయీసియా ఒక్కసారి అర్హిప్ వైపు చూసింది. ఆయన వంగి, కట్టి ఉన్న బూటు తాడే విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఆమెను ఆ పని నుంచి తీసేసి పంపుల విభాగానికి పంపమన్నారు.

మూడు రోజులు అర్హిప్‌కు తిండి సయించలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగోరోజు ప్రధాన ఇంజనీరు దగ్గర నిజం ఒప్పుకున్నాడు. ఇంజనీరు లేచి తలుపు మూశాడు. నివేదిక పైకి వెళ్లిపోయిందని, మళ్లీ విచారణంటే ప్రయోగం ఏడాదిన్నర వెనక్కి పోతుందని, నోరు మూసుకుని రెండో గోళం బిగించమని చెప్పాడు.

అర్హిప్ నేరుగా తయీసియా దగ్గరికి వెళ్లాడు. ఆమె తన స్కేళ్లు, పెన్సిళ్లు పాత పేపరులో చుట్టుకుంటోంది.

"తప్పు నాదమ్మా. రెంచి వాడలేదు."

"తెలుసండీ. మూత విప్పింది నేనేగా. ఒక బోల్టు వేళ్లతో తిప్పితేనే వచ్చేసింది, ఇంకోటి ఇద్దరం పట్టినా కదల్లేదు."

"మరి సభలో చెప్పలేదేం?"

"మీరే చెప్తారనుకున్నాను."

ఆమె సొరుగులోంచి కొత్త వలయం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రెండోది కూడా మీరే బిగిస్తారటగా. రాగి మెత్తనిది, అన్నివైపులా సమానంగా నొక్కుకోవాలి. జాగ్రత్తండీ."

ఆమె ఆ మాట కోపంగా అన్నా తట్టుకునేవాడు. అలాగేనన్నాడు గానీ, తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు.