చట్టం కుండల్లో నా స్నానం

ఆ రోజుల్లో నాకు బుద్ధి మీద కంటే మీసం మీద శ్రద్ధ ఎక్కువ. ఇరవై ఏండ్లు నిండీ నిండక ముందే కడప దిక్కు ఒక ఊరి మునిసిపాలిటీలో తాత్కాలికపు గుమాస్తానయ్యాను. నాకు అప్పజెప్పిన పని, అగ్ని నిబంధనలు అమలుపరచడం. ఒకే కప్పు కింద నాలుగైదు కుటుంబాలు కాపురముండే ఇండ్లలో ప్రతి గడప ముందూ రెండు కుండల నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. బోదగడ్డి కప్పు దగ్గర నిప్పుల బట్టీ ఉండకూడదు. ఎండాకాలం వస్తే తాగే నీళ్లకే అంత దూరం నడిచే ఊళ్లో, నీళ్లను ఊరికే చూస్తూ కూర్చోమంటే జనం నన్నెలా చూసి ఉంటారో మీరే ఊహించుకోండి. అయినా నేను తగ్గలేదు. కుండలన్నిటి మీదా సున్నంతో 'నిప్పుకు మాత్రమే' అని నా చేత్తోనే రాశాను.

నేనుండేదీ అలాంటి ఇంట్లోనే. వరసగా ఎనిమిది గదులు, ముందు బోదకప్పిన పంచ. ఆ పంచ చివర ఇసుక కాచి బొరుగులు వేయించే బట్టీ పెట్టుకొని బతికేది ఒక ముసలామె. సాయిబుల ఆమె, భర్త పోయి శానా కాలమైంది, అందరికీ బొరుగులవ్వ. రోజూ పొద్దున నాకు ఫలహారం ఆ బొరుగులు నానబెట్టి తాలింపేసి ఆమె చేసిన ఉగ్గానే. ఒకరోజు ఆ ఉగ్గాని తింటూనే, సోమవారం మా పైఅధికారి తనిఖీకి వచ్చేలోగా బట్టీ ఎత్తేయాలన్న నోటీసు ఆమెకు గంభీరంగా చదివి వినిపించాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

"బట్టీ లేకుంటే నేనేం తిని బతికేది నాయనా? ఈ వయసులో యాడికి పోయేది?" అంది అవ్వ. కళ్లు తుడుచుకొని, "ఆకు ఖాళీగా ఉండాది, ఇంగ రోంత పెట్టేదా?" అని కూడా అడిగింది. (సిగ్గుతో చెప్తున్నాను, పెట్టించుకున్నాను.)

సోమవారం వచ్చింది. అధికారి ముందు మెరిసిపోవాలని తెల్లారే తలంటి పోసుకున్నాను. బావికి పోయే ఓపిక లేక నా గడప ముందున్న రెండు కుండలూ గుమ్మరించుకున్నాను. చట్టం నాదే కదా, మళ్లీ నింపుకోవచ్చులే అనుకున్నాను. తర్వాత బొగ్గుల ఇస్త్రీపెట్టెతో చొక్కా ఇస్త్రీ చేసి, పెట్టెను పక్కనున్న నోటీసుల కట్ట మీద పెట్టి, అద్దం ముందు మీసం దువ్వుకుంటూ నిలబడ్డాను. వెనక నుంచి వెచ్చగా తగిలితే తిరిగి చూశాను. నోటీసులు భగ్గుమంటున్నాయి, మంట కిటికీలోంచి పంచ కప్పు వైపు నాలుక చాపుతోంది. పరుగున పోయి కుండ ఎత్తాను. తేలిగ్గా లేచింది.

"అవ్వా!" అని నేను పెట్టిన కేకకు ఎనిమిది గదులూ కదిలాయి. మిగతావాళ్లు తమ కుండలు ఎత్తేలోగానే అందరికంటే ముందు అవ్వే వచ్చింది, చల్లారిన ఇసుక గంపతో. ఒక గంప మంట మీద, ఇంకో గంప కిటికీ మీద. మూడోది తొందరలో నా నెత్తి మీద. మంట ఆరింది. పొగ ఇంకా పోకముందే గడపలో మా అధికారి నిలబడి ఉన్నాడు. నేను తువ్వాలతో, ఒళ్లంతా ఇసుకతో ఉన్నాను.

"ఎవరి వల్ల అంటుకుంది?" అన్నాడాయన.

నా ఉద్యోగం పోయినట్టేనని నాకర్థమైంది. అవ్వకూ అర్థమైనట్టుంది. "నా బట్టీ రవ్వే సామీ. పిల్లోనిదేం తప్పు లేదు, వాణ్ణేమనొద్దు" అంది.

ఆ మాటతో ఆమె పొయ్యి జన్మలో మళ్లీ వెలగదని ఆమెకు తెలుసు. జీవితంలో మొదటిసారి మీసం సంగతి మర్చిపోయి, "కాదు సార్, నా ఇస్త్రీపెట్టె. కుండల నీళ్లతో నేనే స్నానం చేశాను" అన్నాను.

ఆయన నన్నూ, నా కుండల మీది రాతనూ, అవ్వ గంపనూ మార్చి మార్చి చూశాడు. నవ్వాపుకోలేక మీసం కొరుక్కున్నాడు. "బట్టీని పెరట్లో ఆరుబయటికి మార్చుకో అవ్వా. ప్రతి గడపకూ ఒక గంప ఇసుక ఇవ్వు. నీళ్లంటే ఈయనలాంటోళ్లు పోసుకుంటారు" అని వెళ్లిపోయాడు. నన్ను మరునాడే జనన మరణాల రిజిస్టరుకు మార్చారు. ఆ పనిలో తగలబెట్టేందుకేమీ ఉండదని కాబోలు.

అవ్వ పోయి ఎన్నో ఏండ్లయింది. ఇప్పుడు ఉగ్గానిలో ఇసుక రేణువు పంటికింద పడితే ఇంట్లోవాళ్లు చిరాకుపడి ఉమ్మేస్తారు. నేను మాత్రం మెల్లగా నమిలి మింగేస్తాను.