మా ఆయన పేరు

అరవై నాలుగో ఏట కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరాను. నాటకం, స్త్రీ అధ్యయనం, తెలుగు నా సబ్జెక్టులు. అంతకు ముందు ముప్పై మూడేళ్ళు గణాంక శాఖలో వానల లెక్కలు రాశాను. ఏ మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాసిన చేతిని, ఒకరోజు నాటకం క్లాసులో లేని కుండతో లేని నీళ్ళు ముంచమన్నారు. మొదటి వారంలో నాలుగుసార్లు నవ్వాపుకోలేక క్లాసు బయటికి పోయాను.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. మూడో సంవత్సరం వాళ్ళు తలా ఒక మొదటి సంవత్సరం విద్యార్థికి పాఠం చెప్పాలి. అది వాళ్ళకు ఒక పేపరు. నేర్చుకున్నవాళ్ళకు ప్రాక్టికల్‌లో ఎన్ని మార్కులొస్తే నేర్పినవాళ్ళకూ అన్నే. చీటీలు తీస్తే నేను ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్లకు పడ్డాను. ఇరవై ఏళ్ళది, నాటకంలో దిట్ట. హైదరాబాదులో నాటకంలోనే పై చదువు చదవాలని ఆశ. ఆ దరఖాస్తుకు గడువు మా ప్రాక్టికల్ రోజే, సాయంత్రం ఐదు గంటలకు. అన్ని పేపర్లూ పాసై ఉండాలి. అంటే నాకు ఇరవై ఐదుకు పది రాకపోతే ఆ పిల్లకు ఒక ఏడాది పోయినట్టే.

పరీక్షకు నాటిక ఆమే రాసింది. ఆలోచన మాత్రం స్త్రీ అధ్యయనం క్లాసులో నా కాగితం నుంచి తీసుకుంది. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏ మాటలు అనకూడదంటారో రాయమన్నారు మేడమ్. నేను "భర్త పేరు" అని రాశాను. పెళ్ళయి నలభై రెండేళ్ళు, ఒక్కసారీ అనలేదు. ఆఫీసుల్లో అడిగితే రాసి చూపించేదాన్ని, లేదా పక్కనున్న మా అమ్మాయితో చెప్పించేదాన్ని.

నాటిక పది నిమిషాలది. పింఛను ఆఫీసుకు ఒక ముసలామె వస్తుంది. భర్త పేరు చెబితేనే ముద్ర వేస్తానంటుంది గుమస్తా. ముసలామె సైగలు చేస్తుంది, పక్కవాళ్ళను బతిమాలుతుంది, ఆఖరికి పేరు చెబుతుంది. ముద్ర పడుతుంది. ముసలామె నేను, గుమస్తా ఆ పిల్ల.

ఏదో ఒక పేరు పెట్టుకోమంది. నేను ఒప్పుకోలేదు. భర్త పేరు అని అడిగిన చోట ఇంకొకరి పేరు చెప్పడం నాకు చేతకాదు. మా ఆయన పేరే టైపు చేయించాను, పరీక్షకుడికి ఆ ప్రతే వెళ్ళింది. తప్పంతా అక్కడే జరిగింది.

పదహారు రిహార్సళ్ళు చేశాం. పేరు దగ్గరికి రాగానే తొమ్మిదిసార్లు నవ్వొచ్చింది, ఆరుసార్లు దగ్గొచ్చింది, ఒకసారి ఎక్కిళ్ళు. గోడకు చెప్పమంది, ఖాళీ కుర్చీకి చెప్పమంది. కుర్చీ ముందు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"అమ్మమ్మా, గది నీ మొగుని పేరేనా, బాంబా?"

"పరీక్షనాడు అదే వస్తది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాను. నాకే నమ్మకం లేదు.

పరీక్షనాడు హాల్లో అరవై మూడు మంది. రావద్దన్నా మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మూడో వరుసలో కూర్చున్నారు. సైగల దగ్గర హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు తేలిపోయింది. ఆ తర్వాత పిల్ల ముద్ర పైకెత్తి, "పేరు చెప్తెనే" అంది.

నోరు తెరిచాను. తొమ్మిది సెకన్లు లెక్కపెట్టాను, ఏమీ రాలేదు. పిల్ల ముద్రను అలాగే ఎత్తి పట్టుకుంది. ఏదో ఒకటి అనాలని నోరు తనకు అలవాటైన మాట అనేసింది.

"ఇగో, ఇంటున్నరా. జర ఇటు రాండ్రి."

మూడో వరుసలో మా ఆయన లేచారు. "ఆఁ, వస్తున్న" అని చెప్పులు వెతికి తొడుక్కుని వేదికవైపు నడిచారు. పరీక్షకుడు ప్రతిలో పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతున్నాడు. మా ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. ఆయన పైకి వస్తే నాటిక పోయినట్టే, పిల్ల ఏడాదీ పోయినట్టే. ఇంటిపేరుతో సహా ఆయన పేరు హాలు మారుమోగేలా పిలిచి, "పో, పోయి కూసో" అన్నాను. పేరు పెట్టి, పైగా ఏకవచనంలో.

ధన్‌మని ముద్ర పడింది. మా ఆయన బుద్ధిగా వెనక్కి పోయి కూర్చున్నారు. చప్పట్లు ఆగేలోగా నాకు మళ్ళీ ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

ప్రతిలో ఆ పెద్దాయన లేడు కదా అని పరీక్షకుడు పిల్లను అడిగాడు. ఆమె నావైపు చూసింది. అబద్ధం రాయించుకోవడం నావల్ల కాదు.

"లేడు సార్. నాకు పేరు నోట్లకెల్లి రాలే. ఆయన నిజంగనే లేచిండు."

పరీక్షకుడు నవ్వి, ప్రతిలో లేనిది చేసినందుకు రెండు తగ్గించి పందొమ్మిది వేశాడు. కోత న్యాయమే.

నాలుగూ నలభైకి కాలేజీ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో కూర్చున్నాం. మార్కులు నేను చదివాను, పిల్ల టైపు కొట్టింది. నాలుగూ యాభై రెండుకు దరఖాస్తు చేరినట్టు తెర మీద వచ్చింది. ఇద్దరం చేతులు పట్టుకుని అక్కడే గెంతాం. నెట్ సెంటర్ అతను కంప్యూటర్ పడిపోకుండా పట్టుకున్నాడు.

మా ఆయన రోడ్డు అవతల చాయ్ తాగుతున్నారు. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచాను. ఆయన గ్లాసు కింద పెట్టి, అక్కడి నుంచే అడిగారు.

"గిప్పుడు రావాల్నా, కూసోవాల్నా?"