గుడ్డు పగలని మట్టి

పొయ్యి దగ్గర గుడ్డు పగిలిన చప్పుడు వినబడితే చాలు, నా కుడిచేయి దానంతట అదే మెడ వెనక్కి పోతుంది. నలభై ఏళ్లుగా నాకున్న అలవాటు ఇది. మా ఇంటామెకు ఇదొక వినోదం. ఈ పొద్దున కూడా గుడ్డు చేతిలో పట్టుకుని, పెనం అంచుకు తగిలించకుండానే నా వైపు చూసి నవ్వింది. "ఇంక పగలగొట్టనే లేదు, అప్పుడే మెడ పట్టుకున్నవ్" అంది. నేనూ నవ్వాను. ఆమెకు కథ తెలుసు. మీకు తెలియదు కనుక రాస్తున్నాను. అది నా మెడ కథే అయినా, అందులో పెద్దమనిషి మాత్రం రాజలింగం ఉస్తాద్.

రాజలింగం ఉస్తాద్ సిద్దిపేటలో నేత పని చేసేవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా చీరలు నేసేవాడు. తెల్లవారుజామున మాత్రం మరో గుంటలో ఉండేవాడు, అది మా తాలీం గుంట. అక్కడ పదిహేను ఇరవై మందిమి ఆయన దగ్గర కుస్తీ నేర్చుకునేవాళ్లం. మనిషి పొట్టి. మాట తక్కువ. యాభై దాటినా మెడ మాత్రం ఎద్దు మెడలా ఉండేది. నేత మనిషికి ఇంత మెడ ఎందుకని ఎవరైనా ఆటపట్టిస్తే, "తల నిలవాలె గద" అనేవాడు, అంతే. నేను నారాయణరావుపేట నుంచి వచ్చి గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, హమాలీ పని చేస్తుండేవాణ్ణి. ఇరవై ఏళ్ల వయసు. వడ్ల బస్తా ఎత్తి వీపు మీద వేసుకుంటే దూదిమూటలా అనిపించేది. నన్ను మించినవాడు ఈ భూమ్మీద లేడని గట్టి నమ్మకం. ఇంటి దగ్గర మా అవ్వ ఒక్కతే ఉండేది, నేను పంపే కూలి డబ్బుల మీదనే ఆమె బతుకు. ఆ సంగతి గుర్తున్నట్టు ప్రవర్తించేవాణ్ణి కాదు, అది వేరే విషయం.

నిజాం కాలం అది. జాతరలకూ పండుగలకూ ఊరి పెద్దలో, కల్లు గుత్తేదారులో కుస్తీలు పెట్టించేవాళ్లు. గెలిచినవాడికి వెండి కడియం, నిజాం నాణెమైన హాలీ రూపాయలు, ఊరేగింపు. ఓడినవాడికి ఒక కొబ్బరికాయ, ఒక తువ్వాల. చేయి విరిగినా కాలు విరిగినా అదే కొబ్బరికాయ, అదే తువ్వాల. ఎవరూ దాన్ని తప్పు అనుకునేవాళ్లు కాదు. కుస్తీ ఒప్పుకున్నట్టు గుర్తుగా పెట్టించేవాడు ఉస్తాద్ చేతికి తమలపాకులు, వక్క ఇచ్చేవాడు. తీసుకుంటే మాట అయిపోయినట్టే. మిగతా తాలీంల ఉస్తాద్‌లు ఆకు అందుకుని కళ్లకద్దుకునేవాళ్లు. మా ఉస్తాద్ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు.

"ముందుగాల ఓడినోని ముచ్చట చెప్పు పటేలా. ఆకు ఎనక తీస్కుంట."

ఓడినవాడికి గెలిచినవాడి డబ్బులో సగం ఇవ్వాలి. ఎముక పట్టు తప్పితే, మళ్లీ లేచి పనికి పోయేదాకా వాడి ఇల్లు గడవాలి. ఈ రెండు మాటలు నలుగురి ముందు అనిపించేదాకా ఆయన చేతులు ముందుకు వచ్చేవి కావు. దాంతో చాలామంది ఆకులు మడిచి సంచిలో పెట్టుకుని వేరే తాలీంకు పోయేవాళ్లు. మాకు కుస్తీలు తగ్గిపోయాయి. మేం లోలోపల కుతకుతలాడేవాళ్లం. "గెలిచేటోళ్లకు ఓడినోని ముచ్చటెందుకు" అని నేనే అందరికన్నా ఎక్కువ గొణిగేవాణ్ణి. ఆయనకు వినబడేంత గట్టిగా కాదులెండి, అంత ధైర్యం లేదు.

ఆయనకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎక్కడ కుస్తీ అన్నా తువ్వాల చెంగున రెండు కోడిగుడ్లు కట్టుకుని వచ్చేవాడు. గుంటలో దిగి, గుడ్డును తల ఎత్తు నుంచి మట్టి మీదికి వదిలేవాడు. పగలకపోతే కుస్తీ. పగిలితే తవ్వకం. తవ్వాక రెండో గుడ్డు. ఆ గుడ్లను చూసి జనం నవ్వుకునేవాళ్లు. గుడ్ల ఉస్తాద్ అనే పేరు కూడా పెట్టారు. పేరు ఆయనకు తెలుసు, కానీ పట్టించుకోలేదు. మా తాలీం గుంటలో మాత్రం గుడ్డు పగలగా నేనెన్నడూ చూడలేదు. జల్లెడ పట్టిన ఎర్రమట్టి, పసుపు, మజ్జిగ, నువ్వుల నూనె కలిపి ప్రతి పొద్దూ మోచేయి లోతుకు తిరగేయించేవాడు. తవ్వకం నాకు నచ్చేది కాదు. పట్టు నేర్పమంటే పార ఇస్తాడేమిటని విసుక్కునేవాణ్ణి.

ఒక వేసవిలో, ఉగాది వెళ్లాక, ఒక గుత్తేదారు ఊరి బయట పెద్ద కుస్తీ పెట్టించాడు. మెదక్ వైపు నుంచి ఖాసిం అనే పహిల్వాన్ వస్తున్నాడు, అతనికి జోడీ నేను. గెలిస్తే కడియం, నలభై రూపాయలు. ఆ డబ్బుతో పాలిచ్చే బర్రెను కొని మా అవ్వ ముందు కట్టేసినట్టు కలలు కూడా కన్నాను. ఆకులిచ్చే రోజు ఉస్తాద్ పక్కన నేనూ ఉన్నాను. ఆయన చేతులు మామూలుగానే వెనక్కి పోయాయి.

"ఓడినోనికి ఇరవై" అన్నాడు.

గుత్తేదారు నా వైపు చూసి నవ్వాడు. "ఏం రాజలింగం, మీ పిలగాని మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లంతా మండింది. ఉస్తాద్ చేతులు అలాగే వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. గుత్తేదారు సరేనన్నాక ఆకు తీసుకున్నాడు. దారి పొడుగునా నేను ముఖం మాడ్చుకుని నడిచాను, చివరికి ఆగలేక అడిగేశాను.

"నేను ఓడిపోతనని ముందుగాలనే అనుకున్నవా ఉస్తాద్?"

ఆయన నడక ఆపలేదు. "గుంతల దిగెటోళ్లు ఇద్దరు. అండ్ల ఒక్కడు ఓడాలె గద. గా ఒక్కడు ఎవడైతేంది? తెల్లారి వాడు గుడ మూట మొయ్యాలె" అన్నాడు.

నాకు ఆ మాట ఎక్కలేదు. గెలిచి చూపిస్తాను, అప్పుడు తెలుస్తుంది ఈ ముసలాయనకు అనుకున్నాను.

కుస్తీ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. గుత్తేదారు ఏర్పాట్లలో ఏ లోటూ చేయలేదు. తహసీలు నుంచి వచ్చే పెద్దమనుషులకు కుర్చీలు వేయించాడు. వాళ్ల బట్టల మీద దుమ్ము పడకూడదని తెల్లవారుజామునే గుంట నిండా నీళ్లు చల్లించాడు. పైన సన్నటి ఎర్రమట్టి పోయించి గులాలు కూడా చల్లించాడు. చూడటానికి పెళ్లిపందిరి ముందు అలికిన వాకిలిలా ముచ్చటగా ఉంది. ఆ మనిషిలో చెడ్డ బుద్ధి లేదు. కుర్చీల్లో కూర్చునేవాళ్ల గురించే ఆలోచించాడు, ఆ మట్టి మీద పడేవాళ్ల గురించి ఆలోచించలేదు. తడిసిన మట్టి మధ్యాహ్నానికి ఎండి ఇటుకలా బిగుసుకుపోయింది.

ఉస్తాద్ గుంటలో దిగి గుడ్డు వదిలాడు. టప్‌మని పగిలింది. గులాలు మీద పచ్చసొన పారింది. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఎవడో "అట్టు పోసిండు" అని అరిచాడు. నేను ఒంటినిండా మట్టి పూసుకుని, లంగోటీ బిగించి, సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను.

గుత్తేదారు పరుగున వచ్చాడు. "జనం కూసున్నరు, పెద్దోళ్లు వచ్చిన్రు. ఇప్పుడేంది రాజలింగం గీ లొల్లి?"

"పార తెప్పియ్యి పటేలా."

"అయిపోయినంక తవ్వుకో. మీ పిలగాడు భయపడ్డడంటరు జనం."

"అననియ్యి. రెండు పారలు తెప్పియ్యి."

పారలు వచ్చాయి. ఒకటి ఆయనే పట్టుకుని తవ్వడం మొదలుపెట్టాడు. రెండోది గట్టు మీద పడి ఉంది. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను చేతులు కట్టుకుని వేరే దిక్కు తిరిగాను. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది. ఇంతమంది ముందు కుస్తీ పట్టడానికి వచ్చి మట్టి తవ్వాలా అనుకున్నాను. ఆ రెండో పార తీసుకున్నది ఖాసిం. తలపాగా విప్పి పక్కన పెట్టి, దిగి ఉస్తాద్ పక్కన తవ్వసాగాడు. జనం కాసేపు కేకలు వేశారు, ఆ తర్వాత విసుగొచ్చి బుక్కపేలాలు తింటూ కూర్చున్నారు. గంటసేపు పట్టింది. పెద్దమనుషుల బట్టల నిండా దుమ్ము పడింది. అప్పుడు ఉస్తాద్ రెండో గుడ్డు వదిలాడు. అది మట్టిలో సగం కూరుకుని నిలిచింది. దాన్ని జాగ్రత్తగా తీసి, ఊది, తువ్వాలలో కట్టుకున్నాడు.

కుస్తీ ఎంతోసేపు సాగలేదు. నేను కోపంతో దిగాను, కోపంతో మీదికి పోయాను. ఖాసింకు అంతకన్నా ఏం కావాలి? నా కుడిచేయి అందుకుని, గిర్రున తిరిగి, చాకలి బట్టను బండకు కొట్టినట్టు భుజం మీదుగా నన్ను విసిరాడు. కాళ్లు ఆకాశంలో కనబడ్డాయి. తల ముందుగా దిగింది. నా బరువంతా మెడ మీద పడింది. చెవుల్లో, ముక్కులో, నోట్లో మట్టి నిండింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ వినబడలేదు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది కడియం కాదు. బస్తా కింద వంగే నా వీపూ, నారాయణరావుపేటలో మా అవ్వా.

కళ్లు తెరిస్తే ఉస్తాద్ ముఖం ఉంది, పక్కనే ఖాసిం ముఖం. "కాళ్లు ఆడియ్యి" అన్నాడు ఉస్తాద్. ఆడించాను. "చేతులు." ఆడించాను. అప్పుడు ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. ఖాసిం నా ముఖం మీది మట్టి తన తలపాగాతో తుడిచి, "పానం మంచిగుందా భాయ్?" అని రెండుసార్లు అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఓడినందుకు వచ్చిందని జనం అనుకుని ఉంటారు. కాదు, తల తిప్పగలుగుతున్నందుకు వచ్చింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ ఇంట్లో మగ్గం పక్కన చాప మీద పడుకున్నాను. మెడకు ఆముదం రాసి గుడ్డ చుట్టారు. ఉస్తాద్ భార్య ఆ రెండో గుడ్డును ఉడకబెట్టి, పొట్టు తీసి, ఉప్పు అద్ది ఇచ్చింది. నాకు ఎందుకని అడిగాను. "పగలని గుడ్డు ఓడినోనికే. గది మా ఇంట్ల రివాజు" అంది. ఇరవై రూపాయలు నా తలగడ దగ్గర ఉన్నాయి. పది రోజులు మూటలు ఎత్తలేకపోయాను, కానీ మా అవ్వకు పంపే డబ్బులు ఆగలేదు. బర్రె కల కొన్నేళ్లు వెనక్కి జరిగింది, అంతే.

మెడ కుదుటపడ్డాక ఉస్తాద్ నన్ను వేములఘాట్‌కు వెంటబెట్టుకుపోయాడు. పొద్దున బయలుదేరితే చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ పోచయ్య అనే రైతు, కుడికాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి, మమ్మల్ని చూడగానే జొన్నరొట్టెలు పెట్టించాడు. ఉస్తాద్ కాళ్లు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే గుంటకకు ఎడ్లను కట్టుకుని చేనులోకి పోయాడు. నేను వింతగా చూస్తుంటే పోచయ్య నవ్వాడు.

"వీడు నన్ను కుస్తీల గెలిచిండు బిడ్డా. రాయసొంటి గడ్డ మీద ఎత్తేసిండు. కడియం తొడిగిన్రు వీనికి, నాకేమో టెంకాయ ఇచ్చిన్రు. గెలిచినోడు గీడ ఇరవయ్యేండ్ల సంది నా చేను దున్నుతుండు. ఓడినోన్ని నేను నీడల కూసున్న" అన్నాడు.

"మరి కడియం?"

"గప్పుడే తెచ్చి నా పెండ్లాం చేతుల పెట్టిండు. ఎడ్లు వచ్చినయి దాంతోటి."

ఆ మాటలు ఉస్తాద్‌కు వినబడే ఉంటాయి. తల ఎత్తలేదు. నేను రొట్టె అక్కడే పెట్టి, చేనులోకి దిగి, ఆయన చేతిలోని గుంటక తీసుకున్నాను. ఆయన ఇచ్చేసి పక్కకు జరిగాడు. తిరిగి వచ్చాక, మర్నాటి పొద్దున అందరికన్నా ముందు తాలీంకు పోయి పార పట్టింది నేనే. ఆ రోజు గట్టు మీద వదిలేసిన పారను ఆ తర్వాత చాలా ఏళ్లు వదల్లేదు. ఉస్తాద్ వచ్చి చూసి, "అంచుల పొంటి గుడ తవ్వు" అన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు అదే.

పెద్ద పహిల్వాన్‌ను నేనేమీ కాలేదు. కొన్ని గెలిచాను, ఎక్కువే ఓడాను. ఖాసిం చాలాకాలం స్నేహితుడిగా మిగిలాడు. వచ్చినప్పుడల్లా నా మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నా మాల్ మంచిగనే ఉంది" అనేవాడు. ఉస్తాద్ నిండుగా బతికి, మగ్గం మీద సగం చీర ఉండగానే వెళ్లిపోయాడు. ఆయన కోడలు దాన్ని పూర్తి చేసింది.

గంజ్‌లో కాలం గడిచేకొద్దీ నేను హమాలీలకు పెద్దనయ్యాను. ఏటా పంట వచ్చే ముందు సేట్లతో కూలి రేటు మాట్లాడటం నా పని. మొదటి ఏడు ఒక సేటు రేటు చెప్పి, మర్యాదగా ఆకులు, వక్క పళ్లెంలో పెట్టి నా ముందుకు జరిపాడు. నలభై మంది హమాలీలు నా వెనక నిలబడి ఉన్నారు. నా చేతులు ముందుకు పోలేదు. అవి వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నేనలా పెట్టుకోవాలని అనుకోను కూడా లేదు.

"ముందుగాల మూట కింద పడ్డోని ముచ్చట చెప్పు సేటు" అన్నాను.

సేటు నవ్వాడు. "ఏం యాదగిరి, మీ వాళ్ల వీపుల మీద నీకే నమ్మకం లేదా?"

ఆ ప్రశ్న నేను ఇంతకుముందు విన్నదే. జవాబు కూడా విన్నదే. ఇరవై ఏళ్ల వయసులో నాకు ఎక్కని ఆ మాట ఆ రోజు నా నోటి నుంచి తడబాటు లేకుండా వచ్చింది.

"మూటలెత్తెటోళ్లు నలభై మంది. అండ్ల ఎవడో ఒక్కడు పడుతడు. గా ఒక్కడు ఎవడైతేంది?"

ఆకులు ఆ పళ్లెంలో సాయంత్రం దాకా వాడుతూనే ఉన్నాయి. పడ్డవాడు లేచేదాకా వాడి ఇల్లు గడుపుతానని సేటు నలుగురి ముందు అన్నాక, ఆ వాడిన ఆకులే తీసుకుని ఇంటికి వచ్చాను.