తాహెరా తుడిచేసిన మాట

తన కంప్యూటర్ సెంటర్ షట్టర్ ఎత్తాక తాహెరా మొదట చేసే పని నిన్నటి ఫైళ్లన్నిటికీ ఇంకో కాపీ తీసి పక్కన పెట్టడం. చాయ్ ఆ తర్వాతే. కరెంటు పోయేలా ఉంటే చాయ్ మానేస్తుంది గాని కాపీ మానదు. కొత్తగా చేరిన అమ్మాయిలు ఇది చాదస్తమని నవ్వుకుంటారు.

2003లో ఆమె మేడ్చల్ బస్టాండు దగ్గర జనార్ధన్ నడిపే డేటా ఎంట్రీ సెంటర్‌లో పనిచేసేది. డిగ్రీ అయ్యాక, కంప్యూటర్‌లో జాబితాలు నడిపే ఫాక్స్‌ప్రో నేర్చుకుంది. వాళ్లింట్లో కంప్యూటర్ ముట్టుకున్న మొదటి మనిషి ఆమే. దగ్గర్లోని గౌడవెల్లి ఊరి కుటుంబాల సర్వే కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని జనార్ధన్‌కు దొరికింది. నలుగురు నాలుగు రకాలుగా టైపు చేశారు. భర్త పేరు రాసే వరసలో ఒకచోట శ్రీ, ఒకచోట గారు, ఎక్కడ పడితే అక్కడ చుక్కలు, ఖాళీలు. చనిపోయినవాళ్ల పేర్ల ముందు ‘లేట్’. పాత జాబితాతో కలిపి చూస్తే పేర్లు కుదరడం లేదు.

తాహెరా ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. ఆ వరసలో పేరు కానిది ఏది కనిపించినా తీసేయమంది. ఎంటర్ నొక్కిన కాసేపటికి పేర్లన్నీ కడిగిన గిన్నెల్లా వచ్చాయి.

“మస్తు జేసినవ్ తాహెరా,” అన్నాడు జనార్ధన్ వెనక నిలబడి చూస్తూ. “వీళ్లకిస్తే వారం కూసుందురు.”

ఆ పొగడ్తకు ఆమె పొంగిపోయింది. డిస్కులో జాగా తక్కువని పాత ఫైలు మీదనే సేవ్ చేసింది. సర్వే కాగితాలను జనార్ధన్ అప్పటికే చిత్తుకు అమ్మేశాడు.

కొన్నాళ్లకు గౌడవెల్లి నుంచి పద్మమ్మ వచ్చింది. వితంతు పింఛన్ ఆగిపోయిందని మండలాఫీసులో అడిగితే, కంప్యూటర్‌లో భర్త బతికే ఉన్నాడని చెప్పి ఇక్కడికి పంపారట.

“మా ఇంటాయన బతికిండంట గద బిడ్డ,” అంటూ బల్ల ముందు కూర్చుంది. “యాడున్నడో జెర అందుల సూడు. నేనే పోయి తోల్కొచ్చుకుంట.”

టైపు చేసే అమ్మాయిలు నవ్వారు. తాహెరా కూడా నవ్వబోయి, తెర మీద పద్మమ్మ పేరు పక్కన ఎల్లయ్య అన్న పేరు చూసి ఆగిపోయింది. దాని ముందు ‘లేట్’ లేదు. పైనున్న పేరు ముందూ లేదు, కింద పేరు ముందూ లేదు. ఊరు మొత్తంలో చనిపోయిన మగవాడు ఒక్కడూ మిగల్లేదు.

“కంప్యూటర్ తప్పని జెప్పి పంపు,” అన్నాడు జనార్ధన్ మెల్లగా. “దాన్నెవడు కొడ్తడు?”

పద్మమ్మకు ఆమె ఆ మాటే చెప్పింది. మర్నాడు పోయినవాళ్ల పేర్లు మళ్లీ రాసుకోవడానికి తాహెరా గౌడవెల్లి బస్సెక్కింది.

మొదటి ఇల్లు బాలమణిది. ఎంత ఆలోచించినా అడగడానికి వేరే మాట దొరకలేదు.

“మీ ఆయన ఉన్నడా అక్కా?”

“జీడిమెట్లకు డూటీకి పోయిండు. ఏంది పని?”

“పనేం లేదు. బతికి... ఉన్నడా అని రాసుకోవాలె.”

బాలమణి చేటను కిందపెట్టింది. “పొద్దుగాల్నే ముత్తైదువను పట్టుకొని గదేం అడుగుడమ్మా? నీకు జెప్పేటోళ్లు లేరా?”

తాహెరా తలదించుకుని బయటకొచ్చింది. రెండో ఇంటి ముందు ఆగకుండా నడిచింది. వీధి చివర పద్మమ్మే ఆమెను చూసి తన అరుగు మీదకు పిలిచింది. పేర్ల ముందున్న ‘లేట్’ అన్న మాట పోయిందని, మళ్లీ రాసుకోవాలని మాత్రం తాహెరా చెప్పింది.

“ఇల్లిల్లు తిరిగి అడిగితే తంతరు. ఈడ కూసో. మొగడు పోయిన మాసోంటోళ్లమే వస్తం.”

ఆమె కబురు పంపితే మధ్యాహ్నానికి ఒక్కొక్కరే వచ్చారు. అప్పుడింకో చిక్కు వచ్చింది. భర్త పేరు ఎవరూ నోటితో అనరు. పోయినా అనరు. చివరికి ఒకరి భర్త పేరు పక్కనున్న ఆమె చెబుతుంటే తాహెరా రాసుకుంది. మధ్యలో ఒకామె పోయిన మనిషి తాగుడు గురించి చెబితే అందరూ నవ్వారు. తాహెరా తలెత్తలేదు.

పద్మమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. “ఎండల పడి మాకోసం వస్తివి. గా మాట తీసేసినోడు ఎవడో గాని మొగోడే అయ్యుంటడు. ఆడిదైతే జెయ్యదు.”

నేనే అనడానికి అంతకన్నా మంచి సమయం రాదని తాహెరాకు తెలుసు. గ్లాసు ఎత్తి తాగింది.

“నీ పేరేంది బిడ్డ?”

“తాహెరా.”

“సల్లగుండు.”

ఆ జాబితా ఆఫీసుకు వెళ్లాక పింఛన్లు మళ్లీ మొదలయ్యాయి. పద్మమ్మ ఒకసారి మేడ్చల్ సంతకు వచ్చినప్పుడు సెంటర్‌కు వచ్చి, అడక్కుండానే బల్ల మీద అనపకాయలు పెట్టి వెళ్లింది. తాహెరా వాటిని ఇంటికి తీసుకుపోవడానికి మనసొప్పక పక్కసీటు అమ్మాయికి ఇచ్చేసింది.

ఇప్పుడు ఆమెకు షామీర్‌పేటలో సొంత సెంటర్ ఉంది. గౌడవెల్లి పని ఏదైనా వస్తే తీసుకోదు. మేడ్చల్‌లో ఇంకొకరి పేరు చెప్పి పంపిస్తుంది.