బాతు సారు టీవీకెక్కిన వారం

ఆ రోజుల్లో ప్రపంచాన్ని మార్చడానికి వారానికి రెండు గంటలు చాలనుకునేవాడిని. ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా. మిగతా రోజుల్లో ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతకాలి కదా, అందుకని ప్రపంచానికి ఆదివారం ఇచ్చాను. కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్ళు. రామన్నపేటలో ఒక జిరాక్సు షాపు మీద కిరాయి గది, ఒక పాత లాప్‌టాప్, రెండు ప్యాంట్లు, ఒక సిద్ధాంతం, ఇదే నా ఆస్తి. సిద్ధాంతం ఏమిటంటే, కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ తాళం కిందా ఉండకూడదు. దాని లోపల ఏముందో ఎవరైనా చూడగలగాలి, మార్చుకోగలగాలి, పక్కవాడికి పంచగలగాలి. దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. ఆ మాట నలుగురికీ చెప్పడానికి 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మండలి' అని ఒకటి పెట్టాను. అధ్యక్షుడిని నేనే, కార్యదర్శిని నేనే, ఏకైక సభ్యుడినీ నేనే. (కోశాధికారి పదవి కూడా ఉండేది. కోశం లేక ఖాళీగా ఉంచాను.)

మేము వాడే సాఫ్ట్‌వేర్‌కు గుర్తు పెంగ్విన్ పక్షి. ఆ బొమ్మ ఉన్న బనీను ఒకటి సంపాదించి ప్రతి ఆదివారం అదే తొడుక్కునేవాడిని. రామన్నపేటలో పెంగ్విన్‌ను ఎవరు చూశారు? నెల తిరక్కుండానే నేను 'బాతు సారు'నైపోయాను. అంగడిలో కూరగాయలమ్మే పెద్దమ్మకు ఒకసారి ఓపిగ్గా చెప్పబోయాను, అది బాతు కాదు, మంచులో బతికే వేరే పక్షి అని. ఆమె వంకాయలు తూస్తూ, "ఈత కొడ్తదా సారు?" అంది. కొడుతుందన్నాను. "మరి బాతే గద!" అని రెండు వంకాయలు కొసరు వేసింది. ఆ తర్వాత ఎవరితోనూ వాదించలేదు.

మండలి సమావేశాలు గ్రంథాలయంలో జరిగేవి. అంటే, జరగడానికి సిద్ధంగా ఉండేవి. పొద్దుటి పూట గ్రంథాలయం పదకొండింటికి మూసేస్తారు, మళ్ళీ తెరిచేది సాయంత్రం నాలుగింటికే. ఆ మధ్యలో హాలు వాడుకోవడానికి గ్రంథాలయంవాళ్ళు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. నేను వెళ్ళి పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేసేవాడిని. అక్కడి అటెండరును ఊరంతా చాచా అనేది, నేనూ అదే అనేవాడిని. ఆయన తాళంచెవుల గుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. "ఎవలొస్తరు సార్ గీ ఎండల? జర మబ్బు పడనియ్యుండ్రి," అనేవాడు. వానాకాలం వస్తే, "గీ వానల ఎవలొస్తరు సార్?" అనేవాడు. చలికాలానికి పత్తి ఏరే పనుల సాకు ఉండనే ఉంది. మూడు కాలాలకూ మూడు సాకులు, పాపం, నా కోసం దాచిపెట్టుకునేవాడు. నేను మాత్రం పదకొండుంపావు దాకా చూసి, లేచి నిలబడి, పన్నెండు కుర్చీలకూ ఉపన్యాసం పూర్తిగా చెప్పేవాడిని. (నవ్వకండి. వారమంతా కూర్చుని తయారుచేసుకున్న ఉపన్యాసం కడుపులో పెట్టుకుని గదికి వెళితే అన్నం అరగదు.) చివర్లో రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, 'హాజరు: సున్నా' అని రాసి సంతకం చేసేవాడిని. నిజాయితీ కూడా సిద్ధాంతంలో భాగమే.

ఒక్క సిద్ధాంతం గురించే అయితే అంత బాధ ఉండేది కాదేమో. ఆ ఊళ్ళో నాతో పనిలేకుండా మాట్లాడే మనిషి లేడు. సోమవారం నుంచి శనివారం దాకా నా నోటి నుంచి వచ్చేవన్నీ పాఠాలు, కూరగాయల బేరాలు, 'చిట్యాల బస్సు పోయిందా' అన్న ప్రశ్నలు. సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే కింద జిరాక్సు మిషను గరగరలాడే చప్పుడే నాకు తోడు. అది బందైతే చెవులు హోరెత్తేవి. ఎవరైనా ఒక్క మనిషి ఆ కుర్చీల్లో వచ్చి కూర్చోవాలని, నేను చెప్పేది విని 'అయితే?' అని ఒక ప్రశ్న అడగాలని ఎంత కోరిక ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అలాంటి రోజుల్లో ఒక టీవీ రచయిత ఆ ఊరికి బంధువుల పెళ్ళికి వచ్చాడు. ఏదో కాగితం అచ్చు తీయించుకుందామని మా జిరాక్సు షాపుకొస్తే అక్కడి కంప్యూటర్ కదలకుండా కూర్చుంది. షాపాయన నన్ను కిందికి పిలిచాడు. నేను కంప్యూటర్ బాగుచేస్తూ, అది ఎందుకు మొండికేసిందో, తాళం ఎవరి చేతిలో ఉందో, ఆ పరాయి మనిషికి గంటసేపు చెప్పాను. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నాడు. మధ్యలో రెండుసార్లు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు కూడా! నాకు ఒళ్ళు పులకరించింది. లేవబోతూ, "మీరు మా కామెడీ సీరియల్లో ఒక ఎపిసోడ్ చెయ్యాలండీ. మీరు మీలాగే రండి. ఇక్కడ చెప్పిందే అక్కడ చెప్పండి, ఒక్క ముక్క మార్చొద్దు," అన్నాడు. సీరియల్ కథ ఏమిటంటే, ఒక ఇంటి ఓనరు, ఆయన ఇంట్లో అద్దెకున్నవాళ్ళు, వారానికొక గొడవ. ఈ వారం గొడవ పాడైన కంప్యూటర్. దాన్ని బాగుచేయడానికి వచ్చే మనిషిని నేను.

రాష్ట్రమంతా వింటుందనుకున్నాను. ఆ ఆదివారమే చాచాకు చెప్పాను: "టీవీల అచ్చినంక గుడ ఎవలు రాకుంటె మండలి మూసేస్త చాచా. గిది ఆఖరు." చాచా నా ముఖంలోకి చూసి, "గట్లనకుండ్రి సార్. ఫికర్ చెయ్యకుండ్రి, వస్తరు," అన్నాడు. ఈసారి ఎండ పేరు చెప్పలేదు.

హైదరాబాదు అవతల ఒక పెద్ద షెడ్డులో షూటింగు. మూడే గోడలున్న ఇల్లు, నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు. నా ముందు ఒక మెరిసే లాప్‌టాప్ పెట్టారు. దాని మీద ఒక పెద్ద కంపెనీ గుర్తు ఉంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, దీన్ని ముట్టనన్నాను. డైరెక్టరు వచ్చి, "బాబూ, అది డమ్మీ. ఆన్ కూడా అవదు. లోపల ఏమీ లేదు," అన్నాడు. "లోపల లేకపోయినా పైన ఉంది కదండీ," అన్నాను. అరగంట షూటింగు ఆగింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు నా వైపు ఎలా చూశారో ఇప్పటికీ గుర్తుంది. చివరికి నా సంచిలోంచి నా పాత లాప్‌టాప్ తీసి పెట్టాకే కూర్చున్నాను. (అది ఆ రోజంతా వైఫై పట్టలేదు. ఉద్యమ ప్రయోజనాల దృష్ట్యా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.)

తర్వాత ఎవరో "సైలెన్స్!" అని అరిచారు. ఫ్యాన్లు ఆపేశారు. నలభై మంది ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కరు దగ్గలేదు, ఒక్కరు కదల్లేదు, అందరి కళ్ళూ నా మీదే. జీవితంలో అంతమంది నా మాటలు అంత నిశ్శబ్దంగా వినడం అదే మొదలు. చివరి వాక్యానికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. "కట్" అనగానే అందరూ టిఫిన్ వైపు పరుగెత్తారు. అయితేనేం, ఓనరు వేషం వేసిన పెద్ద నటుడు నా భుజం తట్టి, "బాగా చెప్పావయ్యా," అన్నాడు. ఆ ఒక్క మాట మీద వారం రోజులు బతికాను.

శనివారం సాయంత్రం ప్రసారం. నా గదిలో టీవీ లేదు. ఆ చానలుకు ఫోన్లో చూసుకునే యాప్ ఉంది కానీ అది తాళం వేసిన సాఫ్ట్‌వేర్. అలాంటిది నా ఫోన్లో పెట్టుకోనని ఒట్టు పెట్టుకున్నవాడిని. కాబట్టి జిల్లా అంతా ఎక్కడ కావాలంటే అక్కడ నన్ను చూడొచ్చు, నేను తప్ప. చిట్యాలలో బస్సు మారి కట్టంగూర్‌లో మా అక్క ఇంటికి పోయాను. మా బావ అప్పటికే టీవీని వాకిట్లోకి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అక్క సర్వపిండి చేసి గల్లీని గల్లీనే పిలిచింది. నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

నేను తెర మీదికొచ్చాను. "మనం కొన్నదాని లోపట ఏమున్నదో చూసుకునే హక్కు మనకుండాలె," అన్నాను. వందమంది ఒక్కసారిగా పగలబడి నవ్వారు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. వాకిట్లో ఎవరూ నవ్వలేదు, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నవ్వు టీవీలోంచి వచ్చింది. "మనకు తగ్గట్టు దాన్ని మార్చుకునే హక్కుండాలె." మళ్ళీ నవ్వు. "పక్కింటోనికి ఇచ్చుకునే హక్కుండాలె." ఈసారి వాకిలి కూడా కలిసింది. "ఇల్లు మనదై, తాళంచెవి ఎవని జేబులనో ఉంటె అది మనిల్లెట్లయితది?" అని నా గొంతు పూడుకుపోయిన చోట నవ్వులతో పాటు చప్పట్లు కూడా పడ్డాయి. ఆ సీరియళ్ళలో నవ్వుల రికార్డు తర్వాత కలుపుతారని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసట. ప్రతి వస్తువు లోపల ఏముందో చూసుకోండని ఊరందరికీ చెప్పిన నేను, నేను నటించిన సీరియల్ లోపల ఏముందో చూసుకోలేదు.

"గంతమందిని నవ్విచ్చినవ్ కదర తమ్మీ!" అని అక్క కళ్ళు తుడుచుకుంది. "నీల గింత కామెడీ ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు బామ్మర్దీ," అని బావ వీపు మీద చరిచాడు. వాళ్ళ సంతోషం నిజమైనది. నేనూ నవ్వాను. నా సర్వపిండి మాత్రం పక్కనున్న పిల్లాడికి ఇచ్చేశాను. అంతమంది మధ్య కూర్చుని అంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను. ఖాళీ కుర్చీలు కనీసం నవ్వేవి కావు.

మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు రామన్నపేట వచ్చి, పదకొండింటికి గ్రంథాలయానికి పోతే, గుమ్మం ముందు చెప్పులు గుట్టపడి ఉన్నాయి. ముప్పై మందికి పైనే వచ్చారు! కాలేజీ పిల్లలు, జిరాక్సు షాపాయన, వంకాయల పెద్దమ్మ. పక్కనున్న దర్జీ షాపు నుంచి చాచా ఇంకో పది కుర్చీలు తెచ్చి వేస్తున్నాడు. లాప్‌టాప్ తెరిచి, మొదటి వాక్యం అన్నాను. అందరూ నవ్వారు. టీవీలో ఎక్కడ నవ్వు పడిందో సరిగ్గా అక్కడ. ఇది నవ్వే మాట కాదు, జర వినుండ్రి అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. "ఆ తాళంచెవి డైలాగు గొట్టుండ్రి సారు!" అన్నారు. కొట్టాను. చప్పట్లు. తర్వాత బాతుతో సెల్ఫీలు. "హీరోయిన్ దగ్గరికెళ్ళి చూసిండ్రా?" అని ఒకరు. అరగంటలో హాలు ఖాళీ అయిపోయింది.

రిజిస్టరు తెరిచాను. తేదీ వేశాను. కింద 'హాజరు: సున్నా. మండలి మూసివేయడమైనది' అని రాశాను. కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతున్న చాచా, "ఏం రాసిండ్రు సార్?" అన్నాడు. చదివి వినిపించాను.

"సున్నా అంటె? ముప్పై మంది వచ్చిండ్రు గద."

"ఇనేటందుకు ఒక్కలు రాలే చాచా. ఎన్నడు రాలే. రెండేండ్ల సంది గిదే రాస్తున్న."

ఆయన చేతిలోని కుర్చీ కింద పెట్టాడు. "నేనుంటి గద సార్," అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఏదో లెక్క తప్పినట్టు. "పదకొండింటికి నా డ్యూటీ ఖతం. తాళంచెవి మీ చేతులవెట్టి ఇంటికి పోవచ్చు. ఒక్క ఆదివారమన్న పోయిన్నా?" మళ్ళీ కుర్చీ అందుకుంటూ అన్నాడు, "నిన్న మా ఇంట్ల అందరు నవ్విండ్రు సార్. నాకు నవ్వు రాలే. ఇల్లు మనదై తాళంచెవి ఎవని జేబులనో ఉంటె... గది నవ్వే మాటనా? నాకు సమజ్ గాలే."

నేను పేజీలు వెనక్కి తిప్పాను. ఎండాకాలం సున్నా, వానాకాలం సున్నా, చలికాలం సున్నా. ప్రతి సున్నా రాసేటప్పుడూ గుమ్మంలో తాళంచెవుల గుత్తితో ఒక మనిషి నిలబడే ఉన్నాడు. నన్నెవరూ చూడడం లేదని రెండేళ్ళు ఏడ్చినవాడిని, నేను మాత్రం ఎవరిని చూశాను? ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముందే మొదటి పేజీ నుంచి ఒక్కొక్క సున్నా కొట్టేసి ఒకటి చేసుకుంటూ వచ్చాను. "జర సాఫ్ రాయుండ్రి సార్, గా కొట్టివేతలేంది," అని విసుక్కున్నాడు.

మండలి మూయలేదు. చాచా రిటైరయ్యేదాకా ఆదివారాలు ఇద్దరం కూర్చునేవాళ్ళం. సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ, మిగతా లోకం గురించి ఎక్కువ మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. బాతు బనీను వెలిసిపోయి లాప్‌టాప్ తుడిచే గుడ్డయింది. (వైఫై ఈ మధ్య పడుతోంది.) మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని కుర్చీలకు ఉపన్యాసం చెప్పిన ఆ కుర్రాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, రికార్డు అక్కర్లేకుండానే. సున్నాలు కొట్టేసిన ఆ రోజు, ఒకటి పక్కన పేరు రాయడానికి కలం పెట్టాక, రెండేళ్ళుగా చాచా అని పిలిచిన మనిషి పేరేమిటో నాకు తెలియదని తెలిసింది. అడిగి రాసుకున్నాను. ఇక్కడ రాయను. రిజిస్టరులో ఉంది.