పర్చూరు వీధిలో ఆగని స్కాట్లాండు పాట

ఆ రోజుల్లో ప్రతి పనికీ ఒకే ఒక్క సరైన పద్ధతి ఉంటుందని నాకు గట్టి నమ్మకం (ఇప్పటికీ ఉంది, వినేవారే తగ్గారు). గుంటూరులో నాకు ఫిడేలు నేర్పిన గురువుగారు ఒకనాడు స్కాట్లాండు పల్లెల నాట్యపు పాట ఒకటి వాయించి, "దీన్ని రీలు అంటారు. ఎవరు కట్టారో తెలియదు. ఊరూరా ఒక్కో రకంగా వాయిస్తారు, ప్రతి ఊరూ మాదే అసలుదంటుంది" అన్నారు. ఆ దేశపు క్రమశిక్షణాలోపానికి నేనెంతో చింతించాను. పాట రెండో భాగం తిన్నగా మళ్లీ మొదటి భాగంలోకే జారుతుంది. ఆడేవారు అలిసేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది; ఆపడానికి ముగింపు ముక్క ఒకటి విడిగా ఉంది.

పర్చూరులో జరిగిన నా పెళ్లి ఊరేగింపులో ఆ రీలే మోగాలని పట్టుబట్టాను. ముందురోజు విడిదింట్లో మేళానికి పెద్ద అయిన క్లారినెట్ సాయిబుగారికి దాన్ని నేనే నేర్పాను. సరిగ్గా ముగింపు దగ్గర నా ఫిడేలు తీగ తెగింది. "పర్లేదు బాబూ, పట్టేశాం" అన్నారాయన. మర్నాడు ఉదయం పెళ్లింటి వీధి మలుపులో రీలు మొదలైంది. నా మిత్రులతోపాటు మిరప వ్యాపారం చేసే మా పెదనాన్న సైతం గిరగిరా తిరిగారు. పాట తిరిగింది; మళ్లీ తిరిగింది. చిందులు ఆగనిదే ఊరేగింపు కదలదు. మామగారు పందిట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ముహూర్తం దాటిపోతోంది, ఆపండయ్యా!" అని అరిచారు. సాయిబుగారు ఊపిరి తీసుకునే సందులో, "శుభకార్యంలో పాట మధ్యలో తెంచకూడదండీ! ముగింపు చెప్పండి బాబూ!" అన్నారు. కంగారులో ఎంత వెతికినా నాకు మొదటి భాగమే గుర్తొచ్చేది. "ఏరా, తోక కోసి నేర్పావేంట్రా పాటని!" అని పెదనాన్న తిరుగుతూనే కేకేశారు.

చివరికి పురోహితులవారు వీధిలోకి వచ్చి, చూపుడువేలు ఎత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని గర్జించారు. తాళి కట్టే క్షణాన వినిపించే ఆ మాట వింటే ఏ మేళమూ ఆగి ఆలోచించదు. డోళ్లు ఒక్కసారిగా దడదడలాడాయి. రీలు అక్కడితో ముగిసింది. దురదృష్టవశాత్తు ఆ మాట వింటే బంధువులూ ఆలోచించరు. మమ్మల్ని ఎదుర్కోవడానికి అక్షింతలతో మలుపు దాకా వచ్చినవారంతా నా మీదా, నా పక్కనున్న సాయిబుగారి మీదా వాటిని కురిపించేశారు. "నిండు నూరేళ్లూ చల్లగా ఉండండి నాయనా" అని ఒక ముసలమ్మ మా ఇద్దరినీ కలిపి దీవించింది. ఆయన క్లారినెట్ దించి గంభీరంగా నమస్కరించారు. (రెండో పెళ్లి, అంటే మా ఆవిడతో అయినది, ముహూర్తానికే జరిగింది.)

ఈమధ్య దర్శిలో ఒక పెళ్లికి వెళితే, కీబోర్డు పెట్టుకున్న కుర్ర మేళం అదే రీలు ఎత్తుకుంది. రూపు సగం మారి, సన్నాయి గమకాలు చేరాయి; చివర మాత్రం ఠంచనుగా గట్టిమేళం పడింది. ఎక్కడ నేర్చుకున్నారని నిలదీశాను. "ఇది మా దర్శి పాటేనండి, తాతలనాటిది" అన్నాడు కీబోర్డు అబ్బాయి. సరిదిద్దుదామని నోరు తెరిచాను. "అసలు ముగింపు మీకు గుర్తుందేంటి?" అంది పక్కనుంచి మా ఆవిడ.

చేతిలో మిగిలిన అక్షింతలు ఆ కీబోర్డు మీద చల్లి వచ్చాను.